మూడోనాడు తిరగకలిపిన వైన్

ఆ రోజుల్లో సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మాలాంటి కుర్రాళ్లకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏదైనా కొత్తది ఎదురైతే, ఇంట్లో అమ్మ చేసే ఏదో ఒక పనితో పోల్చి చూసుకుని, ఇంతే కదా అనుకుని ముందుకు వెళ్లిపోయేవాళ్లం. చాలాసార్లు దాంతోనే పని జరిగిపోయేది కూడా. జరగని ఒక సందర్భం గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఈ కథ నా నోట విన్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. పుట్టినరోజు భోజనాల దగ్గర, ఉగాది పచ్చడి కప్పులు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు, కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను. ఒక పెద్దాయన చెయ్యి వణికి పన్నెండు సీసాల ఫ్రెంచి వైన్ బురదనీళ్లలా అయిపోయిందని చెప్పి, ఆ వణుకు నా చేత్తో చేసి చూపించేవాణ్ణి. మీరందరూ నవ్వేవాళ్లు. ఆయన చెయ్యి వణకలేదు. ఆ వణుకు నేను కల్పించింది. నలభై తొమ్మిదేళ్లు వచ్చాక ఇప్పుడు సరిచేసి చెబుతున్నాను. నవ్వు వచ్చిన చోట నవ్వండి, కాకపోతే ఈసారి నన్ను చూసి నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో మరో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. వాళ్లు ముగ్గురూ బ్యాంకుల్లో కుదురుకున్నారు. నాకు మాత్రం ఫ్రాన్స్ నుంచి వైన్ తెప్పించి హోటళ్లకు అమ్మే ఒక చిన్న కంపెనీలో, కాగితాల మీదున్న సరుకు జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించే పని దొరికింది. అమ్మకు ఫోన్ చేసి ద్రాక్షపళ్ల రసం కంపెనీ అని చెప్పాను. (మరీ అబద్ధం కాదు. రసమే, కాస్త నిలవ చేసింది.) అమ్మ పొంగిపోయి ఆ మాట తెనాలిలో మా వీధి వీధంతా చెప్పింది. ఆ వేసవిలో సింగపూర్ చూడటానికి వచ్చిన మా మేనమామ, "మీ రసం ఒక నాలుగు డబ్బాలు ఇప్పించరా, మీ అత్తయ్యకి రక్తం తక్కువగా ఉందన్నారు," అన్నాడు. ఆయన్ని మా ఆఫీసు వైపు రానీయకుండా ఉండటానికి మూడు రోజులు పక్షులనీ, జంతువులనీ, పూలనీ చూపిస్తూ ఊరంతా తిప్పాను. ఇంత చేసినా, అప్పటికి నేను వైన్ చుక్క నోట్లో వేసుకున్నవాణ్ణి కాను. సీసా దగ్గరకు వెళితే నాకు చింతపండు కొట్టు వాసన గుర్తొచ్చేది, అంతే.

కంపెనీ యజమానురాలు ఇక్కడి చైనా ఆవిడ. అందరం మేడమ్ అనేవాళ్లం. ఆఫీసంతా ఆవిడ కనుసన్నల్లో నడిచేది, ఒక్క గోదాము తప్ప. అది గోదాము అంకుల్ రాజ్యం. చల్లగా, చీకటిగా ఉండే ఆ గది తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడేది. ఆయన తాతగారు విశాఖ వైపు నుంచి మలయాలో రబ్బరు తోటలకు వచ్చినవాడు. వాళ్లింట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఆ తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ కలిసిపోయి ఉంటాయి. నన్ను తమ్ముడనే అర్థంలో 'తంబీ' అనేవాడు. తండ్రి తోటలో కల్లుకు అలవాటుపడి చనిపోయాడని, చిన్నప్పుడే తల్లికి మాటిచ్చి జన్మలో చుక్క ముట్టలేదు. ముట్టకుండానే ముప్పై ఎనిమిదేళ్లు వైన్ సీసాల మధ్య గడిపాడు. బిరడా తీసి వాసన చూసి, ఇది బాగుంది, ఇది చెడింది అనేవాడు. తర్వాత మేడమ్ తాగి చూసి అదే మాట అనేది. "తాగకుండా ఎలా తెలుస్తుందంకుల్?" అని ఒకసారి అడిగాను. "పెళ్లిళ్లు కుదిర్చేవోడిని నీకెంతమంది పెళ్లాలని అడుగుతావేటి తంబీ," అన్నాడు.

ముక్కు కంటే ఆయన చెయ్యి గొప్పది. పాత ఎర్ర వైన్ ఏళ్ల తరబడి సీసాలో ఉంటే అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని తాగేముందు వెడల్పాటి గాజు కూజాలోకి మెల్లగా వంచాలి. సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టుకుని, ఆ వెలుగులో చూస్తూ, మడ్డి మెడ దాకా వచ్చిందనగా ఆపెయ్యాలి. ఒక్క క్షణం ముందు ఆపితే మంచి వైన్ వృథా, ఒక్క క్షణం ఆలస్యమైతే కూజా అంతా మురికి. అంకుల్ ఆపితే సీసాలో చెంచాడు మడ్డి, కూజాలో కెంపు రంగు వైన్ మిగిలేవి. పెద్ద పెద్ద హోటళ్ల వాళ్లు ఆయన్ని అడిగి పిలిపించుకునేవాళ్లు. (ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో, కరెంటున్న ఊళ్లో ఈయనకు కొవ్వొత్తులెందుకో అనుకునేవాణ్ణి.)

ఆ ఏడాది ఫ్రాన్స్ నుంచి ఒక ద్రాక్షతోట పెద్దాయన వచ్చాడు. అంకుల్ ఆయన్ని 'మొస్యూ' అని పిలిచేవాడు, మనం అయ్యగారూ అన్నట్టు. మేమూ అలాగే పిలిచేవాళ్లం. రోన్ నది ఒడ్డున కోర్నాస్ అనే చిన్న ఊరు ఆయనది. వచ్చిన రోజు మధ్యాహ్నం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఆగి ఆగి ఇంగ్లీషులో తన పని గురించి చెప్పాడు. తోట ఉన్న కొండ ఎంత నిటారుగా ఉంటుందంటే అక్కడ ట్రాక్టరు సంగతి దేవుడెరుగు, గుర్రం కూడా నిలబడదట. కొండను మెట్లు మెట్లుగా చెక్కి రాతిగోడలు కట్టారు. ప్రతి శీతాకాలం వానకు కొన్ని గోడలు కూలతాయి, ప్రతి శీతాకాలం మళ్లీ పేరుస్తారు. "మా తాత పేర్చిన రాళ్లే నేనూ పేరుస్తున్నాను, కొత్త రాయి ఒక్కటీ తేలేదు," అన్నాడు. అక్కడ పండేది సిరా అనే నల్లద్రాక్ష ఒక్కటే. చేత్తో కోసి, తొడిమలతో సహా తొట్టిలో వేసి, కాళ్లతో తొక్కుతారు. ఆయన కంటే వయసులో పెద్దవైన చెక్క పీపాల్లో ఏళ్లపాటు వదిలేస్తారు. ఆయన తండ్రి కాలంలో వైన్ తేటపడటానికి కోడిగుడ్డు తెల్లసొన వేసేవారట. ఈయన అది మానేశాడు. వడగట్టడం కూడా మానేశాడు. "నేను చేసేది తక్కువ, ఆగేది ఎక్కువ," అన్నాడు.

గుడ్డు వెయ్యడని వినగానే శాకాహారిగా నాకు ఆ వైన్ మీద గౌరవం పెరిగింది, తాగే ఉద్దేశం లేకపోయినా. ఆ ఉత్సాహంలో చెయ్యెత్తి, "తొక్కేముందు కాళ్లు కడుక్కుంటారా?" అని అడిగాను. పక్కనున్న అంకుల్ నా తొడ మీద గట్టిగా గిల్లాడు. మొస్యూ మాత్రం గంభీరంగా ఆలోచించి, "కడుక్కుంటాం. ముందు ఒకసారి, తర్వాత రంగు వదిలేదాకా మూడు వారాలు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన అసలు విషయానికి వచ్చాడు. అంతకుముందు ఏడాది మా గోదాముకు పన్నెండు సీసాలు పంపి, అంకుల్‌కి అప్పగించాడు. పద్దెనిమిదేళ్ల నాటి పంట అది. ఆయన తండ్రి తొట్టిలోకి దిగి తొక్కిన ఆఖరి పంట. వాళ్లింట్లో కూడా ఆ ఏటిది ఇంకేమీ మిగల్లేదు. శనివారం మధ్యాహ్నం ముప్పై మంది అతిథులకు వాటిని తెరుస్తారు. "పోసేది నువ్వే," అన్నాడు అంకుల్‌తో. "సెప్టెంబరులో కోతకు నువ్వు మా ఊరు రావాలి. పీపాలోంచి మొదటి గ్లాసు నువ్వు తీయాలి." వాళ్ల ఊళ్లో అది పెద్ద మర్యాద అని మేడమ్ మెల్లగా మాకు చెప్పింది. మలేషియాకు వెళ్లే జొహోర్ వంతెన దాటి తప్ప దేశం విడిచి ఎరగని అంకుల్ ఆ సాయంత్రమే వెళ్లి ఒక ఉన్ని స్వెటరు కొన్నాడు. మర్నాటి నుంచి అది వేసుకుని గోదాములో తిరిగాడు. "అలవాటు సేసుకుంటన్నాను తంబీ. ఆడికెళ్లాక గోక్కుంటూ నిలబడితే మొస్యూకి నామోషీ," అన్నాడు. "తాగకుండా మొదటి గ్లాసు తీసి ఏం చేస్తారంకుల్?" అన్నాను. "వాసన సూసి ఆయన సేతికిస్తాను. నా పని అదే కదా."

బుధవారం పొద్దున అంకుల్ ఆ పన్నెండు సీసాలనూ, అడ్డంగా పడుకోబెట్టిన అరల్లోంచి ఒక్కొక్కటే, నిద్రపోతున్న పసిపిల్లను లేపకుండా ఎత్తుకున్నట్టు తీసి, బల్ల మీద వరసగా నిలబెట్టాడు. ఎందుకని అడిగాను. "మూడు రోజులు నిలబడాలి తంబీ. అప్పుడే," అన్నాడు. అప్పుడే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. మూడు రోజుల సంగతి ఒక ఆవకాయ ఇంటివాడు వేరే అడిగి తెలుసుకోవాలా?

శుక్రవారం మధ్యాహ్నం ఆయన మనవడికి గుళ్లో చెవులు కుట్టిస్తున్నారు. పన్నెండింటికే వెళ్లాలి. వెళుతూ, మొలతాడు నుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అది ఇంకొకరి చేతికి రావడం అదే మొదలు. "మేడమ్‌కి సెప్పకు. ఐదింటికి లోపలికెళ్లి సల్లదనం ఎంతుందో సూసి రాయి. ఇంకేటీ ముట్టకు," అన్నాడు. ముట్టకు అన్నాడా, అనలేదా అని చాలా ఏళ్లు నాతో నేనే వాదించుకున్నాను. అన్నాడు.

ఐదింటికి లోపలికి వెళ్లి, చల్లదనం చూసి రాశాను. వచ్చేస్తూ టార్చి ఒక సీసా మీద వేశాను. పైన పల్చగా ఎర్రటి రసం. అడుగున నల్లటి మడ్డి. ఇంకో సీసా చూశాను. అదీ అంతే. అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆవకాయ కలిపి జాడీకి గుడ్డ కట్టాక మూడోనాడు అమ్మ పొద్దున్నే తలంటి పోసుకుని, చేతులు పొడిగా తుడుచుకుని, జాడీ విప్పి అడుగు నుంచి తిరగకలిపేది. "మూడోనాడు కలపకపోతే ఉప్పూ కారం అడుగునే ఉండిపోతాయి, పైన చప్పిడిముద్ద," అనేది. బుధ, గురు, శుక్ర. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇవాళ మూడోనాడు. పాపం అంకుల్ చెవులు కుట్టించే హడావుడిలో మర్చిపోయాడు. రేపు ముప్పై మంది వస్తారు. సారమంతా అడుగున పెట్టుకుని పైన నీళ్లు పోస్తే మొస్యూ పరువేం కాను?

చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకున్నాను. (తడి చెయ్యి తగిలితే ఆవకాయ బూజు పడుతుంది. సీసాకు బిరడా ఉందన్న ఆలోచన నాకు రాలేదు.) గరిటె పెట్టే వీలు లేదు కాబట్టి, ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి అడుగున వేసి, తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ తలకిందులు చేశాను. అలా ఇరవై ఒక్కసార్లు. టార్చి వేసి చూస్తే అడుగున ఏమీ లేదు. పై నుంచి కింది దాకా ఒకే చిక్కదనం, దగ్గరపడ్డ పులుసులా. మిగతా పదకొండూ అలాగే చేసి, సీసాల మీది పేర్ల కాగితాలన్నీ ఒకే వైపు తిరిగేలా సర్ది, తాళం వేశాను. అంత చల్లటి గదిలో చొక్కా తడిసిపోయింది. మర్నాడు పొద్దున తాళంచెవి తిరిగి ఇస్తూ, చేసిన పని చెప్పలేదు. మంచి పని చేసి డప్పు కొట్టుకోకూడదని మా నాన్న నేర్పాడు.

శనివారం మధ్యాహ్నం. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, ముప్పై మంది. సీసాల మధ్య తువ్వాళ్లు మడిచి పెట్టి, అంకుల్ వాటిని చక్రాల బండి మీద మెల్లగా తోసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. కొవ్వొత్తి వెలిగించాడు. మొదటి సీసా వంచాడు. మొదటి ధారే మసకగా వచ్చింది. ఆపాడు. కొవ్వొత్తి దగ్గరకు జరుపుకుని చూశాడు. ఆ సీసా పక్కన పెట్టి రెండోది తెరిచాడు. తర్వాత మూడోది. నా పక్కన నిలబడ్డ ఒక అతిథి ఆ కొవ్వొత్తి ఎందుకని మొస్యూని అడిగాడు. మడ్డి కదలకుండా సీసాలోనే ఉండిపోవాలి, దానికోసమే మూడు రోజులు నిలబెడతాం, కాస్త కుదిపినా మళ్లీ రోజుల తరబడి ఆగాలి అని మొస్యూ చెప్పాడు. అప్పటిదాకా అంకుల్ నన్ను మెచ్చుకుంటూ ఒక చూపు చూస్తాడేమోనని ఎదురుచూస్తున్న నేను, ఆ మాటకు నా రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దాచుకున్నాను.

మొస్యూ వెళ్లి గ్లాసు అందుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. వాళ్ల నాన్న తొక్కిన వైన్ అది. కాసేపు అలా పట్టుకునే ఉన్నాడు. తర్వాత తాగి, అతిథుల వైపు తిరిగి, "పీపా అడుగుకు వచ్చాక మా ఊళ్లో ఇంటివాళ్లం ఇలాగే తాగుతాం. ఇవాళ మీరు మా ఇంటివాళ్లు," అన్నాడు. అందరూ మర్యాదగా నవ్వారు. పళ్ల మధ్య ఇసుకలా తగులుతుంటే మర్యాదగా తాగారు. ఒక హోటలాయన మాత్రం మంచినీళ్లు అడిగి నోరు పుక్కిలించాడు. అంకుల్ పన్నెండూ తెరిచాడు, ఒక్కటైనా తేటగా ఉంటుందేమోనని. ఒక్కటీ లేదు. నా పని అంత పక్కాగా ఉంది.

అందరూ వెళ్లాక గ్లాసులు కడిగే చోట ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "తంబీ, నిన్న లోపల ఏటైనా ముట్టావా?"

"లేదంకుల్. చల్లదనం రాసుకుని వచ్చేశాను."

నా కళ్లలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అది కూడా చెప్పుకోవాలి. "సరే. నువ్వు కాదంటే నానే," అన్నాడు. తన చేతులు రెండూ ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. "గడప మీద బండి ఎక్కించినప్పుడు కుదిపేసుంటాను. నాకే తెలీలేదు సూడు."

తాళంచెవి నాకిచ్చిన సంగతి అంకుల్ మేడమ్‌కు చెప్పలేదు. ఆవిడ కోప్పడలేదు. "అంకుల్, యూ టైర్డ్ ఆల్రెడీ. గో హోమ్, రెస్ట్ లా," అంది ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో. కోప్పడినా బాగుండేది. మొస్యూ వెళ్లేముందు అంకుల్ చెయ్యి పట్టుకుని "సెప్టెంబర్" అన్నాడు. అంకుల్ తల అడ్డంగా ఊపాడు. రెండు నెలల తర్వాత ఉద్యోగం మానేశాడు. ఆ రెండు నెలల్లో ఒక్క సీసా కూడా వంచలేదు. నేనెందుకు చెప్పలేదంటే, ఉద్యోగం పోతే వర్క్ పాసు పోతుంది, పాసు పోతే నెల తిరక్కుండా తెనాలి. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

తర్వాత నేనూ బ్యాంకులో చేరాను. పెళ్లయింది, పుంగ్గోల్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. వైన్ తాగడం నేర్చుకున్నాను. వైన్ తాగేచోట వైన్ కథ ఒకటి చేతిలో ఉండాలి కదా. మొదటిసారి చెప్పినప్పుడు "ఎలా జరిగిందో ఎవరికీ తెలియదు" అని ఆపేశాను. ఎవరూ నవ్వలేదు. రెండోసారి ముసలాయన చెయ్యి వణికిందన్నాను. నవ్వారు. ఇంకో ఏడాదికి కొవ్వొత్తి ఆరిపోయింది. ఆ తర్వాత ఆయన చొక్కా కాలర్ కూడా అంటుకోబోయింది. చెప్పగా చెప్పగా, జేబుల్లో చేతులు దాచుకున్న కుర్రాడు ఆ గదిలోంచి మాయమైపోయాడు.

పోయిన ఏడాది మా ఇంట్లో భోజనాలకు వచ్చినవాళ్లకు మళ్లీ అదే కథ చెప్పాను. అందరూ వెళ్లాక మా అమ్మాయి గిన్నెలు సర్దుతూ, "నాన్నా, పన్నెండూ ఎలా?" అంది. జూనియర్ కాలేజీలో చదువుతోంది, దేనికైనా లెక్క కావాలి. "హ్యాండ్ షేక్ అయితే వన్ బాటిల్, టూ బాటిల్స్. ట్వెల్వ్, కెనాట్ లా. సమ్‌బడీ మస్ట్ హ్యావ్ షేక్ దెమ్." నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. "నాన్నా, వాజ్ ఇట్ యూ?" అంది. తల ఊపాను. "అండ్ యూ నెవర్ టెల్ ద అంకుల్ ఆ?" అంది. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. తర్వాత గిన్నెలు కడిగింది. ఆ కథకు నవ్వనిది ఆ ఇంట్లో తనొక్కతే.

గుళ్లో తెలిసినవాళ్లను అడిగితే అంకుల్ బిషాన్‌లో ఉంటున్నాడని చెప్పారు. ఒక గురువారం సాయంత్రం వెళ్లాను. ఉత్తచేతులతో వెళ్లకూడదని కోర్నాస్ వైన్ సీసా ఒకటి కొనుక్కెళ్లాను. (జన్మలో తాగని మనిషికి వైన్ సీసా పట్టుకెళ్లడం చూస్తే, నా తెలివి పెద్దగా మారలేదని మీకు అర్థమవుతుంది.) తలుపు తీసింది ఆంటీ, అంకుల్ భార్య. ఆయనకు ఎనభై ఆరేళ్లు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. "ఏటి తంబీ, బొజ్జొచ్చేసింది," అన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే కాఫీ వస్తుంది, కాఫీ తాగాక చెప్పలేనని తెలుసు.

"పన్నెండూనా?" అన్నాడు ఆయన.

"పన్నెండూ అంకుల్."

"ఎలాగ?"

చెప్పాను. ఆవకాయ, మూడోనాడు, ఇరవై ఒక్కసార్లు. వంటింట్లోంచి ఆంటీ నవ్వు వినిపించింది. ఆయన నవ్వలేదు.

"నువ్వు ముట్టలేదన్నావు, నాను నమ్మాను. నమ్మితే ఇక నా సెయ్యే కదా." ఆయన గొంతు పెంచలేదు. "మరుసటేడు మనవరాలు పుట్టింది. ఆసుపత్రిలో ఇస్తే నాను నిలబడి ఎత్తుకోలేదు. కుర్చీలో కూకుని, ఒళ్లో పెట్టమన్నాను. సెయ్యి ఎప్పుడు జారిపోద్దో తెలీదని. ఆ పిల్లని ఎప్పుడూ నిలబడి ఎత్తుకోలేదు తంబీ. ఇప్పుడది ఉద్యోగం సేస్తోంది."

ఆంటీ నవ్వు ఆగిపోయింది. కట్టుకున్న మనిషికి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసిందని ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది. నేను చేసిన తప్పంటే పన్నెండు సీసాలూ, ఒక ఉద్యోగమూ, ఒక ప్రయాణమూ అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇది నా ఊహలో ఎక్కడా లేదు.

"మొస్యూకి ఎవరు సెప్తారు?" అన్నాడు. మొస్యూ పోయి చాలా ఏళ్లయింది. తోట ఇప్పుడు కూతురు చూసుకుంటోంది. ఆమెకు ఉత్తరం రాస్తానన్నాను. (రాశాను. ఇంకా జవాబు రాలేదు.)

"ఈ కత ఎంతమందికి సెప్పావు?"

"చాలామందికి."

"నా సెయ్యి వణికిందనా?"

"అవునంకుల్."

"ఐతే అందరికీ మళ్లీ సెప్పు," అన్నాడు. రాసే చెబుతానన్నాను. తర్వాత లేచి, నేను తెచ్చిన సీసా తీసుకెళ్లి, బియ్యం డబ్బా పక్కన నిలబెట్టాడు. "ఆదివారం పొద్దున రా." క్షమించానని అనలేదు. కాఫీ కూడా ఇవ్వలేదు.

ఆదివారం వెళ్లేసరికి బల్ల మీద సీసా, గాజు కూజా సిద్ధంగా ఉన్నాయి. కొవ్వొత్తి బదులు ఆంటీ ఫోను లైటు వేసి పట్టుకుంది. ఆయన సీసా వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆపి, ఆ చేతిని నాకు చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఇది ఎనభై దాటినాక వచ్చింది. అప్పుడు లేదు. బాగా సూడు, తేడా రాయాల," అన్నాడు. "నువ్వు పొయ్యి."

నేను సీసా ఎత్తాను. "మెల్లగా. ఆపకు, మధ్యలో ఆపితే ఎనక్కి తన్నుద్ది. ఊపిరి పీల్చుకో తంబీ, నువ్వు సచ్చిపోతే నాకింకో గొడవ. లైటు మీద సూడు, కూజాలోకి కాదు. అదుగో వస్తోంది. ఆపు. ఆపమన్నాను." ఆపేసరికి నల్లటి తీగ ఒకటి సాగి కూజాలోకి దిగిపోయింది. తేటగా ఉన్న వైన్‌లో పొగలా విచ్చుకుంది. అంకుల్ వంగి వాసన చూశాడు. మంచి వైనే అన్నట్టు తల ఊపాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "ఇది కూడా రాయి," అన్నాడు. ఆంటీ ఈసారి ఆపుకోలేక నవ్వింది. ఆయన నవ్వాడో లేదో నేను తల ఎత్తి చూడలేదు.

రాశాక, ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. రెండుచోట్ల ఆపించాడు. తనను మరీ దేవుణ్ణి చేశానని ఒక పేరా మొత్తం తీసేయించాడు. "లేదంకుల్" అన్న చోట మాత్రం, "అది మళ్లీ సదువు," అన్నాడు. మళ్లీ చదివాను.

ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడి మీద నాకు కోపం పోలేదు, పోదు కూడా. మర్నాడు ఒక్క మాట అని ఉంటే, ఒక మనిషి తన మనవరాలిని నిలబడి ఎత్తుకునేవాడు. అయినా ఒక్కోసారి వాడు నా కళ్లకు కనిపిస్తాడు. చల్లటి గదిలో ఒంటరిగా, ఏడో సీసా దగ్గర భుజం పట్టేసి, లెక్క తప్పి, పద్నాలుగా పదిహేనా అని కాసేపు నిలబడి, పెద్దాయన పనిలో లోటు రాకూడదని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. వాణ్ణి చూస్తే ఏమనాలో తెలియదు. పెదవి చివర నవ్వు వస్తుంది, కాసేపుండి వెళ్లిపోతుంది.